ఆచార్య నికేతన్ దాటాక

రిటైరైన మాస్టారిని చూసి రావడం తెలుగువాళ్ళలో పాత ఆనవాయితీ. సొంత ఊళ్ళో దానికి ఏర్పాట్లేమీ అక్కర్లేదు. పండక్కి వచ్చినవాడు వీధి చివర ఆ ఇంటి అరుగు దగ్గర ఆగి, నమస్కారం పెట్టి, నాలుగు మాటలు మాట్లాడి వస్తాడు. ఢిల్లీలో అలా దారిలో తగిలే మాస్టారు ఉండరు. ఆయన యమున అవతల మయూర్ విహార్‌లో, శిష్యులు ద్వారకలోనో గుర్‌గావ్‌లోనో. ముందు ఫోను చెయ్యాలి, రోజు ఖాయం చేసుకోవాలి, మెట్రో మారాలి.

ఢిల్లీకి తెలుగు మాస్టార్లు ఎందుకొచ్చారన్న ప్రశ్నకు జవాబు 1948లో ఉంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు వచ్చిన తెలుగు కుటుంబాల పిల్లలకు బడి కావాలని దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఆ ఏడాది ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీకి పునాది వేశారు. ఐటీవో దగ్గర దీన్‌దయాళ్ ఉపాధ్యాయ మార్గ్‌లోనూ, ప్రసాద్ నగర్, జనక్‌పురిల్లోనూ దాని బడులు నడిచాయి. 1961లో తిరుమల తిరుపతి దేవస్థానం వారి శ్రీ వెంకటేశ్వర కళాశాల వచ్చింది. తెలుగుతో పాటు లెక్కలూ సైన్సూ చెప్పడానికి తెలుగునాట నుంచి వచ్చినవాళ్ళలో కొందరు ఉద్యోగం ముగిశాక వెనక్కి వెళ్ళిపోయారు. పిల్లలు ఇక్కడే స్థిరపడటంతో మిగిలినవాళ్ళు ఇక్కడే ఉండిపోయారు. అరవై దాటాక ఊరు మారడం మొక్కను మార్చి నాటినంత తేలిక కాదు.

దారి సంగతికొస్తే, ఇప్పుడది బాగా సులువైంది. ఒకప్పుడు నిజాముద్దీన్ వంతెన మీదుగా బస్సే గతి. మయూర్ విహార్‌కు మెట్రో నీలం లైను 2009 నవంబరులో వచ్చింది, గులాబీ లైను 2018 చివరి రోజున. వెంకటేశ్వర కళాశాల పక్కన ఉన్న గులాబీ లైను స్టేషనుకు దుర్గాబాయి పేరే పెట్టారు. అక్కడ ఎక్కి కదలకుండా కూర్చుంటే రైలు యమున దాటి మయూర్ విహార్ ఫేజ్-1లో దింపుతుంది. నది దాటేటప్పుడు కింద ఇసుక నేలల్లో కూరగాయల మళ్ళు కనిపిస్తాయి. ఢిల్లీలో ఉన్నామన్న సంగతి అక్కడ కాస్త మరుపున పడుతుంది.

స్టేషను దిగగానే ఆచార్య నికేతన్. పేరు చూస్తే గురువుగారి ఇల్లు, అక్కడ ఉన్నది బజారు. చెప్పుల కొట్లు, మొబైలు కవర్లు, చాట్ బండ్లు. ఖాళీ చేతులతో గురువును చూడకూడదన్న పాత మాట గుర్తున్నవాళ్ళు ఇక్కడే ఆగి పళ్ళు కొంటారు. స్వీటు డబ్బా కొనేముందు ఒకసారి ఆలోచించాలి, ఆ ఇంట్లో షుగరు మాత్ర వేసుకునేవాళ్ళు ఇద్దరూ కావచ్చు. అంతకన్నా మంచి దారి మలయాళీల కొట్టు. ఉత్తర గురువాయూరప్పన్ గుడి ఉన్న ప్రాంతం కనుక కరివేపాకు, మునక్కాడలు, కొబ్బరికాయలు చుట్టుపక్కల దొరుకుతాయి. లేత కరివేపాకు కట్ట చూసినప్పుడు మాస్టారి భార్య ముఖంలో వచ్చే వెలుగు కాజూ బర్ఫీకి రాదు.

తర్వాత గేటు. గార్డు ఒక నలిగిన రిజిస్టరు ముందుకు తోస్తాడు: పేరు, ఫ్లాటు నంబరు, ఎవరిని కలవాలి, ఎందుకు, వచ్చిన వేళ. ‘ఎందుకు’ అన్న గడిలో పైన రాసినవన్నీ కొరియరు, ప్లంబరు, గ్యాసు, పనిమనిషి. యాభై ఏళ్ళవాడు పెన్ను పట్టుకుని అక్కడ కాసేపు నిలబడిపోతాడు. చివరికి పై వరస చూసి ఏదో ఒకటి గీకేస్తాడు.

లోపల మొదటి గండం పేరు. ఢిల్లీ దరఖాస్తుల్లో ఇంటిపేరు చివరకు పోయి, ఆఫీసులో అదీ పొడి అక్షరమైపోయి, శిష్యుడు ఆ అలవాటు కొద్దీ ‘రవి సర్, తొంభై మూడు బ్యాచ్’ అంటాడు. మాస్టారికి అది అందదు. రవులు ఎందరో. ‘ఇంటిపేరేమిటి నాన్నా?’ అని అడుగుతారు. అది చెప్పగానే ఊరు గుర్తొస్తుంది, తండ్రి పనిచేసిన శాఖ గుర్తొస్తుంది, అన్నకు లెక్కలు రాకపోవడం కూడా గుర్తొస్తుంది. అక్కణ్ణుంచి ‘సర్’ పోయి ‘మాస్టారూ’ వచ్చేస్తుంది.

సెప్టెంబరు 5న పదిహేను మంది కలిసి శాలువా పట్టుకొచ్చి, ఫొటో తీసుకుని, అరగంటలో లేచే పద్ధతి ఒకటి ఉంది. సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టినరోజును 1962 నుంచి ఉపాధ్యాయ దినోత్సవంగా జరుపుతున్నారు కనుక ఆ రోజుకు గౌరవం ఉంది. కానీ చిన్న హాల్లో అందరికీ కుర్చీలు చాలవు, మాస్టారికి ఒక్కరితోనూ మాట పూర్తికాదు. ఒకరో ఇద్దరో, శీతాకాలం పదకొండింటికి, బాల్కనీలో ఎండ ఉన్నప్పుడు వెళ్తే ఆయనకు హాయి. ఆ ఇరుగుపొరుగులో తెలుగు మాట్లాడేవాళ్ళు ఉంటే అదృష్టమే. లేకపోతే ఇంట్లో ఇద్దరూ ఒకరి మాట ఒకరు వినాల్సిందే. అందుకే వచ్చినవాడు ఏం సాధించాడన్నదాని కన్నా తెలుగులో గంటసేపు కూర్చున్నాడన్నదే అక్కడ లెక్కకొస్తుంది. ‘నాకు భూక్ లేదండీ’ అని నోరు జారితే, ‘ఆకలి’ అని వెంటనే వినపడుతుంది. దిద్దడం మాత్రం రిటైరు కాలేదు.

నవంబరులో వెళ్ళినవాడికి ఒక పని కూడా తగులుతుంది. కేంద్ర ప్రభుత్వ నిబంధనల ప్రకారం పెన్షను తీసుకునేవాళ్ళు ఏటా ఆ నెలలో తాము బతికే ఉన్నామని ధ్రువపత్రం ఇవ్వాలి. ఎనభై దాటినవాళ్ళయితే అక్టోబరు నుంచే ఇవ్వొచ్చు. ఏళ్ళ తరబడి హాజరు వేసిన మనిషి ఇప్పుడు బ్యాంకుకు తన హాజరు చెప్పుకోవాలి. 2014లో జీవన్ ప్రమాణ్ అనే డిజిటల్ ధ్రువపత్రం వచ్చి, ఆధార్‌తో ఇంటినుంచే ఇచ్చే వీలు కలిగింది. అరిగిన వేలిముద్రలు యంత్రానికి చిక్కక చాలామంది అవస్థపడ్డారు, 2021లో ముఖం చూపితే చాలన్న వీలు కల్పించారు. ఫోను పట్టుకున్నవాడి ముఖం ముందు నమోదు కావాలి, ఆ తర్వాతే పెద్దాయనది. వెలుగు సరిపోదంటే కుర్చీ బాల్కనీలోకి జరుపుతారు. కళ్ళజోడు తియ్యాలి, కదలకూడదు, కనురెప్పలు ఆర్పాలి. ‘ఇటు చూడండి మాస్టారూ, కదలకండి’ అని శిష్యుడు గదమాయిస్తాడు, ఆయన వింటారు. మొదటిసారి కాదు, రెండోసారి కాదు, మూడోసారికి ప్రమాణ్ నంబరు వస్తుంది. దాన్ని కాగితం మీద శిష్యుడు ఎక్కిస్తాడు. మాస్టారు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, ఫోను దగ్గరకు తెచ్చుకుని, ఒక్కో అంకె పైకి చదువుతూ సరిచూస్తారు.