ఒక్కరోజు తప్పితే ఏం కాదు

పొద్దున్నే అలారం మోగగానే మనసు ఎన్ని సాకులు చెబుతుందో! మబ్బు పట్టింది, మోకాలు లాగుతోంది, రేపట్నుంచి చూద్దాంలే. దానితో వాదనకు దిగితే గెలవలేం. అందుకే రాత్రే బూట్లు, సాక్సులు గుమ్మం దగ్గర పెట్టేస్తాను. లేచాక పని లేసులు కట్టుకోవడం ఒక్కటే, నడక సంగతి తర్వాత. ముడి పడ్డాక మళ్లీ మంచమెక్కాలని అనిపించదు.

ఏ పనైనా 21 రోజుల్లో అలవాటైపోతుందంటారుగా, అలా కాలేదని కుంగిపోతున్నవాళ్లకి ఒక మాట. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం చేసిన అధ్యయనం 2010లో అచ్చయింది. అలవాటు పడటానికి కొందరికి 18 రోజులు చాలాయి, కొందరికి 254 దాకా పట్టొచ్చని లెక్క తేలింది. మధ్యలో ఒక్కరోజు తప్పినంత మాత్రాన పెద్ద నష్టం లేదట. ఈ మాట నాకెంత ధైర్యమిచ్చిందో! నిన్న ఎగ్గొట్టారా? సాయంత్రం మేడమీద ఓ పది నిమిషాలు నడవండి, అమ్మానాన్నల్ని కూడా పిలవండి.