సలహామండలికి పెద్ద ఎవరు?

పోస్టు కాస్త పెద్దది, తీరిక చూసుకుని చదవండి.

ఇదివరకు మన సంఘం కార్యక్రమాల్లో భోజనాల దగ్గర "మావాడికి ఆన్‌సైట్ ఎప్పుడొస్తుందో" అన్న మాటే వినిపించేది. ఇప్పుడు కొత్త బెంగ మొదలైంది. "మా అమ్మాయి పీహెచ్‌డీ చేసిన చోటే కంపెనీ పెడతానంటోంది. యూనివర్సిటీలో సలహామండలి ఉందట, దానికో పెద్ద చైర్మన్ ఉన్నాడట. నమ్మొచ్చంటారా?" అని ఈ ఏడాది ఇద్దరు అడిగారు. బెంగళూరులో ఉన్నాక ఇది తప్పదు లెండి. ఇటు ఐఐఎస్‌సీ, అటు బళ్లారి రోడ్డు మీద జీకేవీకే ఆవరణలో ఎన్‌సీబీఎస్, దాన్ని ఆనుకుని 2009లో మొదలైన సీ-క్యాంప్. ల్యాబ్‌లో తట్టిన ఆలోచనను మందుగానో, పరీక్ష కిట్‌గానో మార్చాలనుకునే పిల్లలు ఈ ఊళ్లో ప్రతి పేటలోనూ ఉన్నారు.

అడిగిన ఇద్దరిలో ఒకరిది ఒంగోలు. బ్యాంకులో చేసి రిటైరయ్యారు. కూతురు ఇన్‌ఫెక్షన్‌ను త్వరగా పట్టే కిట్ ఒకటి తయారు చేస్తోంది. చేతికొచ్చిన ఉద్యోగం వద్దంది. ఆయన దాచుకున్న డబ్బులో కొంత కంపెనీలో పెట్టాలా వద్దా అన్నది ఇంట్లో రగులుతున్న సంగతి. మాలో ముగ్గురం ఆ అమ్మాయితో నాలుగు ఆదివారాలు కూర్చున్నాం. ఒకరు మందుల కంపెనీలో క్వాలిటీ చూసినవారు, ఒకరు కాలేజీలో మైక్రోబయాలజీ చెప్పినవారు, మూడోవారు లెక్కల మనిషి.

సలహామండలి అంటే ఏమిటో తెలియనివారికి రెండు ముక్కలు. ప్రొఫెసర్లకు సైన్సు తెలుసు. లైసెన్సు ఎవరిస్తారు, ఆసుపత్రి ఎంతకి కొంటుంది, పేటెంట్ ఎప్పుడు వేయాలి అన్నవి వేరే చదువు. అందుకని యూనివర్సిటీ ఒక డాక్టరును, మందుల కంపెనీలో పండినవారిని, పెట్టుబడిదారును, ఒక లాయరును కూర్చోబెట్టి, ఏ ఆలోచన మీద డబ్బు, సమయం పెట్టొచ్చో చెప్పమంటుంది. ఆ బల్ల దగ్గర ఏ ప్రశ్న ముందు రావాలో, ఏది అసలు రాకుండా పోతుందో తేల్చేది పెద్ద కుర్చీలో ఉన్న మనిషే.

ఈ అమ్మాయి మండలికి చాలా పేరున్న పెద్దాయన చైర్మన్. సంస్థ పేరు, ఆయన పేరు ఎందుకు లెండి. మూడు మీటింగులు జరిగితే ఒకదానికి ఆన్‌లైన్‌లో వచ్చారట. "ఎక్సలెంట్" అన్నారట. మార్కెట్ ఎంత పెద్దదని అడిగారట. అంతే.

మా మైక్రోబయాలజీ మాస్టారు మాత్రం మొదటి ఆదివారమే, కాఫీ చల్లారకముందే అడిగారు: "దీని మీద ఎక్కడైనా పోస్టర్ పెట్టావా అమ్మా?"

"లేదంకుల్, వచ్చే నెల కాన్ఫరెన్స్‌లో పెడుతున్నా."

మాకు గుండె జారింది. పేటెంట్‌కు దరఖాస్తు చేయకముందే విషయం బయటపెడితే, అది కొత్తది కాదని పేటెంట్ నిరాకరించవచ్చు. మన చట్టంలో మినహాయింపులు ఇరుకు, యూరప్‌లో ఇంకా ఇరుకు. ముందు ప్రొవిజనల్ దరఖాస్తు వేస్తే, పూర్తి వివరాలు ఇవ్వడానికి 12 నెలలు ఉంటుంది. ఇది రహస్యమేమీ కాదు. మూడు మీటింగుల్లో ఎవరో ఒకరు అడగాల్సిన ప్రశ్న. రెండోది, ఆ పేటెంట్ ఎవరిది? జీతం, ల్యాబ్, రసాయనాలు సంస్థవి కాబట్టి మామూలుగా హక్కు సంస్థదే. కంపెనీకి లైసెన్సు కాగితం మీద రావాలి. "ప్రొఫెసర్ గారు ఇస్తామన్నారు" అంటే చాలదు.

ఇక్కడ మన వరప్రసాద్ రెడ్డి గారిని తలచుకోవాలి. నెల్లూరు జిల్లా మనిషి, చదివింది ఎలక్ట్రానిక్స్. 1993లో శాంతా బయోటెక్నిక్స్ పెట్టినప్పుడు సొంత ల్యాబ్ లేదు. ఉస్మానియాలో, ఆ తర్వాత సీసీఎంబీలో చోటు తీసుకుని పని చేయించారు. బయటినుంచి వచ్చే హెపటైటిస్-బి టీకా డోసు వందల రూపాయలు పలికే రోజులవి. 1997లో షాన్‌వాక్-బి 50 రూపాయల ప్రాంతంలో వచ్చింది. జీవశాస్త్రం ఆయనకంటే ఆ గదిలో అందరికీ ఎక్కువే తెలిసి ఉంటుంది. అయినా ఎవరి బిడ్డకి, ఎంతకి అన్న ప్రశ్నను ఆయన వదల్లేదు. మా దృష్టిలో చైర్మన్ పని అది.

ఈ ఊరి సంగతి చూస్తే, కిరణ్ మజుందార్ షా 1978లో 10,000 రూపాయలతో అద్దె గ్యారేజీలో బయోకాన్ మొదలుపెట్టారు. రాష్ట్ర బయోటెక్ విజన్ గ్రూపుకు తర్వాత ఆమే అధ్యక్షురాలయ్యారు. అప్పు కోసం బ్యాంకు గుమ్మం ఎక్కి దిగినవారికి కొత్తగా వచ్చిన పిల్ల ఏ మాట నోట్లో మింగేస్తోందో తెలుస్తుంది.

కాలం లెక్క ఇంకోటి. ఐఐఎస్‌సీ ప్రొఫెసర్లు నలుగురు కలిసి 2000లో స్ట్రాండ్ పెట్టారు. రిలయన్స్ అందులో పెద్ద వాటా కొన్నది 2021లో. 21 ఏళ్లు! సాఫ్ట్‌వేర్‌కు అలవాటుపడ్డ పెట్టుబడిదారుకు ఇది మింగుడు పడదు. కేంద్ర సంస్థ బైరాక్ ఇచ్చే బిగ్ గ్రాంటు 50 లక్షల దాకా, 18 నెలలకు. ఆ 18 నెలల్లో కిట్ నమూనా తయారవుతుందేమో. ఆసుపత్రి శాంపిళ్లు, ఎథిక్స్ కమిటీ, 2017 మెడికల్ డివైజెస్ రూల్స్ కింద లైసెన్సు... ఇవన్నీ 19వ నెలలో ఎవరి డబ్బుతో? మా లెక్కల మనిషి ఈ ఒక్క కాగితం మీదే రెండు ఆదివారాలు గడిపారు. ఒంగోలు నాన్నగారి డబ్బు పోయేది సరిగ్గా అక్కడే.

అన్నింటికంటే ఇబ్బందైన సంగతి చివరి ఆదివారం బయటపడింది. మండలిలో ఒకాయనకు అదే తరహా కిట్ చేసే మరో కంపెనీలో వాటా ఉంది. ఆయన దాచలేదు. ఎవరూ అడగలేదు, అంతే. అనుభవం ఉన్నవారికి పెట్టుబడులూ ఉంటాయి, అది నేరం కాదు. కానీ "మీకు సంబంధం ఉన్న విషయం వచ్చినప్పుడు మీరు బయట కూర్చోండి" అని ఇరవయ్యేళ్ల స్నేహితుడితోనైనా అనగలిగేవారు ఆ కుర్చీలో ఉండాలి. మొహమాటస్తులకు అది పనికిరాదు. పేరు పెద్దదైన కొద్దీ మొహమాటమూ పెద్దదవుతుందని మాకు అనుమానం.

ఆ అమ్మాయి మూడు విషయాలతో మండలికి మర్యాదగా ఉత్తరం రాసింది. రెండు వారాలు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత చైర్మన్ గారే ఫోన్ చేశారు. ఆ సభ్యుడు ఈమె ఫైలు వరకు తప్పుకున్నారు. మీటింగులు నడిపే పని ఒక రిటైర్డ్ పాథాలజిస్టు గారికి అప్పగించారు. ఆవిడ నేరుగా ల్యాబ్‌కే వచ్చి, స్టూలు మీద కూర్చుని, ఏ శాంపిల్‌లో కిట్ తప్పు చూపించిందో ముందు అది చూపించమన్నారట. ప్రొవిజనల్ దరఖాస్తు వేశారు. ఆ తర్వాతే పోస్టర్ వెళ్లింది.

నాన్నగారు ఒంగోలు నుంచి ఫోన్ చేశారు. "అంతా బాగానే ఉంది అన్నగారూ, మరి దీనికి జీతం ఎన్నాళ్లు వస్తుంది?"

గ్రాంటు వస్తే 18 నెలలు అన్నాం. ఆ తర్వాత సంగతి పాథాలజిస్టు గారిని అడగమని నంబరు ఇచ్చాం.