పేజీకి అడుగెక్కడ?

కాగితం మీద పేజీకి నాలుగు అంచులుంటాయి. మేం ఎంత రాసినా ఆ అంచుల మధ్యే సర్దుకోవాలి. ఎక్కువైతే కత్తెర. తక్కువైతే ఓ చిన్న ఫొటోనో, రెండు జోకులో పెట్టి పూడుస్తారు. ఆదివారం మీ చేతికొచ్చే పేజీలో అడుగున జానెడు జాగా ఖాళీగా వదిలేస్తే మీరు ఊరుకుంటారా? 'ఏదో అచ్చు పడలేదు' అనుకోరూ!

ఆ పూడ్చే విద్యలో ఆరితేరిన అన్న ఒకాయన మా ఆఫీసులో ఉన్నారు. పాతికేళ్లు పేజీలు పెట్టిన చెయ్యి. నా మ్యాటర్ పేజీలో పోయకముందే 'ఆరు లైన్లు తెగుతాయమ్మా' అని చెప్పేసేవారు. 2020లో కరోనా దెబ్బకి పేజీలు తగ్గాయి. ఆయన్ని వెబ్‌సైట్ పనిలోకి మార్చారు. మూడు నెలల్లో నేర్చుకుంటే సరే, లేకపోతే... ఆ 'లేకపోతే' తర్వాత ఏముందో ఎవరూ చెప్పలేదు. ఇంట్లో ఇంజినీరింగ్ చదివే కొడుకు, తీరని ఇంటి అప్పు.

మొదటి పనే మొండికేసింది. వ్యాసం పక్కన లేతరంగు పట్టీ ఒకటి పేజీ అడుగుదాకా రావాలి. కాగితం మీదైతే అరనిమిషం పని. ఇక్కడ ఎత్తు వంద శాతం అని రాసినా, పట్టీ అందులోని నాలుగు లింకుల దగ్గరే ఆగిపోయింది. 'వందంటే వందే కదమ్మా!' అన్నారు దిగులుగా. ఆ మధ్యాహ్నం ఇద్దరం కలిసి కూర్చున్నాం.

తిరకాసు ఎక్కడంటే... వెబ్ పేజీ అంటే బాక్సులో బాక్సు, దాన్లో ఇంకో బాక్సు. వెడల్పు పెద్దల నుంచి పిల్లలకొస్తుంది. బ్రౌజర్ కిటికీ ఎంతుంటే బయటి బాక్సు అంత, దాన్నుంచి లోపలివాటికి వాటా. ఎత్తు సంగతి తల్లకిందులు. అక్షరాలు ఎంత దిగితే లోపలి బాక్సు అంత, దాన్నిబట్టే తల్లి బాక్సు. అలాంటప్పుడు పిల్ల బాక్సు 'నీ ఎత్తులో వంద శాతం ఇవ్వమ్మా' అంటే, 'నీదెంతో తేలితేగా నాది తేలేది' అంటుంది తల్లి. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం! బ్రౌజర్ ఈ తగవు తీర్చదు. ఆ వంద శాతాన్ని పక్కన పెట్టేసి, ఉన్న సరుకుకి తగ్గ ఎత్తే ఇస్తుంది.

మరి మందు? పైనుంచి చెప్పుకుంటూ రావాలి. అన్నిటికన్నా బయట ఉండే హెచ్‌టీఎమ్ఎల్‌కి వంద శాతం, దాని లోపలి బాడీకి వంద, ఆ లోపలిదానికీ వంద. మధ్యలో ఒక్కటి తప్పినా గొలుసు తెగినట్టే. అన్న అలాగే చేశారు. పట్టీ తెర అడుగుని తాకింది. సంతోషంగా ఓ పెద్ద వ్యాసం పోసి చూస్తే ఏముందీ... పట్టీ అక్కడే ఉంది, అక్షరాలు మాత్రం దాన్ని దాటి కిందికి దిగిపోయాయి. ఆ వంద తెర ఎత్తులో వంద, వ్యాసం ఎత్తులో కాదు!

పోనీ, ఇన్ని పిక్సెళ్లని ఓ అంకె ఇచ్చేస్తే? తెలుగుకి అది మరీ కుదరదు. 'రాష్ట్రం' అని రాస్తే కింద ఒత్తులు వేలాడతాయి. 'కీర్తి' అంటే పైన గుడి కూర్చుంటుంది. ఫాంటు మారితే లైను ఎత్తూ మారుతుంది. ఒక కంప్యూటర్లో సరిపోయిన కొలత ఇంకోదాంట్లో పొట్టిదైపోతుంది.

దీంతో తిప్పలు పడింది మేమొక్కరమే కాదు. 2004లో డాన్ సెడర్‌హోమ్ అనే డిజైనర్ 'ఎ లిస్ట్ అపార్ట్' అనే వెబ్ పత్రికలో ఓ చిట్కా రాశాడు. పట్టీని సాగదీయొద్దు, తల్లి బాక్సు వెనక పట్టీ రంగు బొమ్మని కిందిదాకా అద్దండి, కంటికి పట్టీ నిండుగానే కనిపిస్తుంది అని. అది వినగానే అన్న మొహం వెలిగింది. 'ఇది మన ఫిల్లరేనమ్మా!'

ఇప్పుడా మాయ అక్కర్లేదు. ఫ్లెక్స్‌బాక్స్ అనే పద్ధతిలో పక్కపక్క కాలమ్స్ పొడుగుదానికి సమానంగా వాటంతటవే సాగుతాయి. తల్లి బాక్సుకి 'కనీసం తెరంత' అని ఒక్క మాట చెబితే చాలు. నాలుగు లైన్ల వార్తకీ తెర నిండుతుంది, నాలుగు పేజీల వ్యాసానికీ చోటు పెరుగుతుంది. ఫోన్లలో అడ్రస్ పట్టీ కనబడుతూ మాయమవుతూ ఈ లెక్క తప్పించేది. దానికీ 2022 కల్లా ప్రధాన బ్రౌజర్లన్నీ 'డీవీహెచ్' అనే కొత్త కొలత ఇచ్చాయి.

మూడు నెలలూ ఎప్పుడో దాటిపోయాయి. అన్న ఆ కుర్చీలోనే ఉన్నారు. మొన్న కొత్తగా చేరిన కుర్రాడు పట్టీ సాగడం లేదని తల పట్టుకుంటే పక్కన కూర్చుని చెబుతున్నారు... 'వందలో ఎంత అని కాదు బాబూ, దేన్లో వంద అని ముందు పైవాణ్ని అడుగు. వాళ్లు చెప్పకుండా నువ్వెంత సాగినా ఇంతే!'