గోపాలపురం ఒడ్డున పరుగు

మా నలుగురివీ తరాల తరబడి బరంపురంలో ఉంటున్న కుటుంబాలు. సముద్రం మాకు 16 కిలోమీటర్ల దూరం. అంత దగ్గరలో ఉన్నదానిని ఎవరు పట్టించుకుంటారు? చుట్టాలు వచ్చినప్పుడు గోపాలపురం తీసుకొని పోయి, ఇసుకలో కూర్చోబెట్టి, వేరుసెనగకాయలు కొనిపెట్టి, చీకటి పడకముందే బస్సెక్కించడం. సముద్రంతో మా స్నేహం అంతవరకే.

అటువంటి మాకు ఏభై ఏళ్ళు దాటిన తరువాత పరుగుబుద్ధి పుట్టింది. మాలో ఇద్దరికి చక్కెరజబ్బు వచ్చి, డాక్టరుగారు గట్టిగా చెప్పిన దరిమిలా మొదలైన వ్యవహారమిది. ముందు నడక, తరువాత మెల్లని పరుగు. ఊరి వీధులలో పరుగెత్తితే కుక్కలు వెంటబడినవి, తెలిసినవాళ్ళు ఆపి “ఏం జరిగింది?” అని అడిగారు. ఆ రెండు బాధలూ పడలేక ఆదివారాలు తెల్లవారుజామున గోపాలపురం చేరడం అలవాటు చేసుకున్నాము.

పాఠకులలో ఎవరికైనా సముద్రపుటొడ్డున పరుగెత్తాలనే కోరిక ఉంటే మా అనుభవం కొంత ఉపయోగపడవచ్చు. ఒడ్డంతా ఒక్కలాంటిది కాదు. పైనున్న పొడి ఇసుకలో పది అడుగులు వేసేసరికి పిక్కలు పట్టేస్తాయి. అల వచ్చి వెనక్కు పోయిన చోట, తడిసి గట్టిపడిన సన్నని పట్టీ ఒకటి ఉంటుంది. అదే బాట. ఆటు వేళ ఆ బాట వెడల్పుగా ఉంటుంది, పోటు వేళ మాయమవుతుంది. ఆటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు వెనక్కు జరుగుతుంది కనుక, పోయిన ఆదివారం ఉన్న బాట ఈ ఆదివారం అదే గంటకు ఉండదు. అమావాస్యకు, పున్నమికి నీరు బాగా పైకెక్కి బాగా కిందికి దిగుతుంది. అష్టమి ప్రాంతంలో ఆ తేడా తక్కువ. ఇంట్లో పండుగలకే పంచాంగం చూచే మేము, ఇప్పుడు పరుగుకోసం తిథులు చూస్తున్నాము. మా ఇంటి ఆడవాళ్ళకు ఇదొక వేడుక.

ఇంకొక కష్టం ఉన్నది. గోపాలపురం ఒడ్డు నీటివైపు బాగా వాలుగా ఉంటుంది. ఒకే దిక్కుగా పోతే నీటివైపు కాలు పల్లంలో, రెండవ కాలు మెరకలో పడి మోకాలు నొప్పి పెడుతుంది. పోయిన దారినే తిరిగి వస్తే వాలు రెండు కాళ్ళకూ సమానంగా పంచబడుతుంది. పరుగయ్యాక చెమట పట్టి ఉన్నామని నీళ్ళలోకి దూకరాదు. అలలు ఒడ్డుకు చాలా దగ్గరగా విరిగి, వెనక్కు పోయేటప్పుడు మనిషిని లాక్కుపోతాయి.

దీపస్తంభం దగ్గర బయలుదేరితే రెండు దారులున్నవి. దక్షిణాన హరిపురం కయ్య వైపు పోతే జనం పలుచబడతారు, సరుగుడు తోపులు, పక్షులు కనిపిస్తాయి. 2013 అక్టోబరు 12వ తేదీ రాత్రి ఫైలిన్ తుపాను ఇక్కడే ఒడ్డు తాకింది. గాలి గంటకు 200 కిలోమీటర్లు మించి వీచింది. ఆ రాత్రి తోపులలో ఎన్నో చెట్లు పడిపోయినవి. సరిగా ఏడాదికి అదే తేదీన హుద్‌హుద్ విశాఖపట్టణం మీద పడింది. అక్టోబరు నెల మా తీరాలకు అచ్చిరాదు.

ఉత్తరపు దారిలో ఇసుక రంగులు మారుతూ ఉంటుంది. నల్లని చారలు ఇల్మెనైటు, ఎర్రని చారలు గార్నెట్టు. ఛత్రపురం దగ్గర ఈ ఇసుకను తవ్వి ఖనిజాలు వేరు చేసే పెద్ద కర్మాగారం ఉన్నది. ఎండెక్కాక నల్ల ఇసుకమీద చెప్పులు లేకుండా నడిస్తే ఆ ఖనిజ సంపద అరికాళ్ళకు బాగా తెలుస్తుంది! ఇంకా పైకి పోతే రేవు రాతికట్టలు అడ్డం వస్తాయి. అక్కడితో మా పరుగు ఆగుతుంది.

అసలు చెప్పదలచిన సంగతి ఈ ఉత్తరపు దారిలోనే జరిగింది.

ఒక ఆదివారం పోటు ఎక్కువగా ఉండి తడిపట్టీ కనబడలేదు. పడవల వెనుకగా పరుగెత్తాము. ఎదుట వల పరచి, దానిమీద నెత్తళ్ళు ఎండబోసి ఉన్నవి. చేతి గడియారంలో అడుగుల లెక్క చూచుకుంటూ వస్తున్న మావాడు బూట్లతో వాటిమీదుగా పోయాడు. ఒక ముసలమ్మ లేచి అరిచింది. మేము ఆగి, తప్పయిపోయిందని ఒరియాలో చెప్పుకున్నాము. ఆవిడ మావైపు చూడకుండా పక్కనున్నావిడతో అన్నది: “సూసినావేటే, బరంపురం బావులు! ఎనకాల ఎవులో తరుమొస్తన్నట్టు పరుగులు. కాల కింద ఏటున్నాదో కనపడదు.”

మేము నలుగురం ఒకరి ముఖాలొకరు చూచుకున్నాము. అచ్చమైన తెలుగు. మా అమ్మమ్మల నోట విన్న యాసకు దగ్గరి తెలుగు. ఏడాదికి పైగా ఆ పడవల పక్కనుంచే పోతూ వస్తూ, వాళ్ళతో అవసరమైన నాలుగు మాటలూ ఒరియాలోనే మాట్లాడుతున్నాము. నోలియాలని అందరూ పిలిచే ఈ జాలరులు తెలుగువాళ్ళని, వాడబలిజలని, పుస్తకజ్ఞానంగా మాకు తెలియకపోలేదు. తెలిసి ఏం లాభం? 1936లో గంజాం మద్రాసు రాజధానినుండి ఒరిస్సాలోకి వచ్చినప్పటినుండి మన భాష ఏమైపోతుందోనని సభలు చేసుకునే వాళ్ళం మనం. ఆ భాష మాట్లాడే వాడ మన ఊరికి 16 కిలోమీటర్ల దూరంలో ఉంటే, చుట్టాలకు వేరుసెనగకాయలు కొనిపెట్టి తిరిగి వచ్చేవాళ్ళం.

మాలో ఒకరు తెలుగులో “తప్పయిపోయింది అమ్మా” అన్నారు.

ఆవిడ కోపం తగ్గలేదు, దారి మళ్ళింది. “తెలుగోలేనా మీరు? మరి ఇన్నాలూ ఒరియాల మాటాడతారేటి?”

జవాబు చెప్పలేకపోయాము. నలుగురమూ కూర్చుని చెదరిన నెత్తళ్ళు ఏరి మళ్ళీ పరిచాము. ఆ పూట పరుగు అంతే.

అప్పటినుండి మా పరుగులో మాటలు ఎక్కువైనవి. ఈ వాడలవాళ్ళ పెద్దలు మేకులు లేకుండా కొబ్బరితాడుతో కుట్టిన పడవలమీద, అలలు దాటించి, మనుషులను ఓడలకు చేర్చేవారట. రంగూను పోయే కూలీలు ఈ రేవునుండే ఓడ ఎక్కేవారు. బర్మాలో మనవాళ్ళకు పడిన ‘కోరంగీలు’ అనే పేరు యానాం పక్కనున్న కోరంగినుండి వచ్చినదే కదా. ఇప్పుడు ఫైబరు పడవలు, మోటార్లు. ఏప్రిలు 15నుండి 61 దినాలు మరపడవల వేటకు సెలవు. రుషికుల్య ముఖద్వారం వైపు తాబేళ్ళు గుడ్లు పెట్టే చోటున, నవంబరునుండి మే ఆఖరుదాకా 20 కిలోమీటర్ల మేర నిషేధం వేరే ఉన్నది. తాబేళ్ళు బతకవలసిందే. కాని ఆ నెలలలో ఇంట్లో పొయ్యి వెలగడం ఎట్లాగో ఆవిడ అడిగితే, దానికీ జవాబు మా దగ్గర లేదు.

రుషికుల్య అవతల పోడంపేటలో సముద్రం ఇళ్ళను మింగి, జనం లోతట్టుకు తరలిపోవలసి వచ్చింది. ఈ తీరాన కెరటాలు ఏటా ఇసుకను దక్షిణంనుండి ఉత్తరానికి తోసుకుపోతూ ఉంటాయి. ఎక్కడైనా రాతికట్ట అడ్డం వేస్తే దక్షిణాన ఇసుక పేరుకుంటుంది, ఉత్తరాన ఒడ్డు కోసుకుపోతుంది. మాకైతే పరుగుబాట సన్నబడుతుంది. వాళ్ళకు పడవ నిలిపే చోటే పోతుంది.

పరుగుకు కార్తీకంనుండి మాఘందాకా మంచి రోజులు. వానాకాలపు కెరటాలలో ఒడ్డు కరిగి నిట్రంగా ఉంటుంది. వలలు ఆరబెట్టిన చోట దిగి నడవండి. ఒడ్డునుండి లాగే పెద్దవల తాడు అడ్డం వస్తే దానిని దాటి పోకండి. ఆగి ఒక చెయ్యి వెయ్యండి. కిందటి నెలలో మేము అట్లా ముప్పావుగంట లాగాము. ఎంత పరుగెత్తినా రాని ఒళ్ళునొప్పులు ఆ వేళ వచ్చినవి. వల తేలిన తరువాత ముసలమ్మ మా వంతు అంటూ రెండు దోసిళ్ళ కవ్వళ్ళు ఇచ్చింది. వద్దంటే ఊరుకోలేదు. చేతిలో సంచి లేదు. ఒక తువాలులో మూటగట్టి బస్సెక్కాము. ఆ తువాలు మాలో చేప ముట్టని ఒకే ఒక్కాయనది. బరంపురం చేరేదాకా ఆయన కిటికీలోంచి తల లోపలికి పెట్టలేదు.