మెట్లు లేని కొలువు

భారత కార్మిక చరిత్రలో జంషెడ్‌పూర్‌ది ప్రత్యేక స్థానం. ఎనిమిది గంటల పనిదినం అక్కడి ఉక్కు కర్మాగారంలో 1912లోనే అమలైంది. 1915లో ఉచిత వైద్యం, 1920లో వేతనంతో కూడిన సెలవు, భవిష్య నిధి, ప్రమాద పరిహారం, 1928లో ప్రసూతి ప్రయోజనం, 1937లో పదవీ విరమణ గ్రాట్యుటీ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. దేశ చట్టాలు ఆ మెట్టుకు చేరడానికి దశాబ్దాలు పట్టింది. భవిష్య నిధి చట్టం 1952లో, గ్రాట్యుటీ చట్టం 1972లో వచ్చాయి. పనిచేసే మనిషికి జీతం ఒక్కటే చాలదని, జబ్బు చేసిన రోజుకూ వయసు మీద పడిన రోజుకూ పూచీ ఉండాలని దేశానికి తొలుత చూపిన ఊళ్లలో అది ఒకటి.

అదే ఊరిలో, ఆ కర్మాగారపు గోడకు ఇవతల, ప్రభుత్వం కూడా ఒక యజమానే. సాక్చీలో దశాబ్దాలుగా కొల్హాన్ ప్రాంతపు మూడు జిల్లాల పేదలకు దిక్కుగా నిలిచిన మహాత్మాగాంధీ స్మారక వైద్య కళాశాల ఆసుపత్రి, జిల్లా ఆసుపత్రి, పల్లెల్లోని ఆరోగ్య ఉపకేంద్రాలు, అన్నీ ఝార్ఖండ్ ఆరోగ్య శాఖవే. ఆ ఆవరణల్లో పనిచేసే నర్సులు, ఏఎన్‌ఎంలు, ల్యాబ్ టెక్నీషియన్లు, ఫార్మసిస్టులు ఒకే పని చేస్తారు కాని ఒకే ఉద్యోగం చేయరు. కొందరికి పోస్టు ఉంటుంది, మిగిలినవారికి ఒప్పంద పత్రం ఉంటుంది. ఆ ఒక్క తేడా మీదనే వారి జీవితకాలపు లెక్క అంతా ఆధారపడి ఉంది.

పోస్టు ఉన్నవారి సంగతి మొదట చూడాలి. వారికి ఏటా ఇంక్రిమెంటు ఉంటుంది, కరువు భత్యం ఉంటుంది. పదోన్నతి ఖాళీ దొరకకపోయినా 10, 20, 30 ఏళ్ల సర్వీసు వద్ద వేతనశ్రేణిని పెంచే ఏర్పాటు ఉంది. ఏఎన్‌ఎంగా చేరినవారు శిక్షణ తరువాత మహిళా ఆరోగ్య సందర్శకురాలు కావచ్చు. స్టాఫ్ నర్సు వార్డు ఇన్‌చార్జి మీదుగా నర్సింగ్ సూపరింటెండెంటు కుర్చీ దాకా వెళ్లవచ్చు. ఆ నిచ్చెన నెమ్మదిగా కదులుతుంది, కొన్ని మెట్లు విరిగి ఉంటాయి, సీనియారిటీ జాబితాలు ఏళ్ల తరబడి తేలవు. అయినా అది నిచ్చెనే. 2004 డిసెంబరు 1 తరువాత చేరినవారికి పోయిన పాత పింఛనును హేమంత్ సోరెన్ ప్రభుత్వం 2022 సెప్టెంబరులో తిరిగి తెచ్చింది. 2025లో రాష్ట్ర ఉద్యోగులకు ఆరోగ్య బీమా పథకమూ మొదలైంది.

ఒప్పంద పత్రం ఉన్నవారి కథ 2005 ఏప్రిల్‌లో మొదలవుతుంది. ఆ నెలలో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ ఆరంభమైంది. 2013లో పట్టణ మిషన్‌ను కలుపుకొని అదే జాతీయ ఆరోగ్య మిషన్ అయింది. మిషన్ అంటే గడువు గల పని అని, గడువు గల పనికి తాత్కాలిక సిబ్బంది చాలునని అప్పటి తర్కం. ఇరవై ఏళ్లు గడిచాయి. గడువు పొడిగింపు మీద పొడిగింపు పొందింది. టీకాలు, కాన్పులు, క్షయ పరీక్షలు, నవజాత శిశువుల ప్రత్యేక విభాగాలు ఆ మిషన్ సిబ్బంది చేతుల మీదుగానే నడుస్తున్నాయి. పని శాశ్వతమైంది, మనిషి మాత్రం తాత్కాలికంగానే మిగిలాడు. నిజానికి అక్కడ ఎక్కువగా మిగిలింది ఆడవారు.

ఉదాహరణకు, పాతికేళ్ల వయసులో 2007లో ఒప్పందంపై చేరిన ఒక ఏఎన్‌ఎంను తీసుకుంటే ఇప్పుడామె నలభై దాటింది. వేలమంది పిల్లలకు టీకాలు వేసి ఉంటుంది. కొత్తగా వచ్చిన వైద్యాధికారికి ఏ టోలాలో ఎవరింట గర్భిణి ఉందో చెప్పగలది ఆమే. కాని సర్వీసు లెక్కలో ఆమెది ప్రతి సంవత్సరమూ మొదటి సంవత్సరమే. పునరుద్ధరణ ఉత్తర్వు రావాలి, నిధులు విడుదల కావాలి. పక్క బల్లపై కూర్చున్న శాశ్వత ఉద్యోగిని పదేళ్లకు ఒక మెట్టు ఎక్కుతుంది. ఈమెకు ఎక్కడానికి మెట్టే లేదు. ఇక ఆమెకు కింద, ఝార్ఖండ్‌లో సహియాలని పిలిచే ఆశా కార్యకర్తలున్నారు. వారు ఉద్యోగుల లెక్కలోనే లేరు, వారికి వచ్చేది పనికింత చొప్పున ప్రోత్సాహకం. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశంలోని ఆశాలందరినీ గౌరవించింది. ఆ గౌరవం ఏ సర్వీసు పుస్తకంలోనూ నమోదు కాలేదు, ఎందుకంటే వారికి సర్వీసు పుస్తకమే లేదు.

2023 జనవరిలో ఝార్ఖండ్‌లో ఒప్పంద ఏఎన్‌ఎంలు, నర్సులు, పారామెడికల్ సిబ్బంది సమ్మెకు దిగారు, రాంచీలో నిరాహార దీక్ష చేశారు. వారి కోరిక ఒక్కటే, క్రమబద్ధీకరణ. కోవిడ్ కాలంలో వారి మీద పూలు చల్లిన దేశంలో మూడేళ్లు తిరగకముందే వారు ఆకలితో కూర్చోవలసి వచ్చింది.

న్యాయస్థానాలు ఈ విషయంలో ఏమీ చెప్పలేదనడానికి వీల్లేదు. 2006 ఏప్రిల్ 10న ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దొడ్డిదారి నియామకాలకు అడ్డుకట్ట వేసింది. అయితే మంజూరైన పోస్టుల్లో పదేళ్లు పనిచేసినవారిని ఒక్కసారికి క్రమబద్ధీకరించవచ్చునని అందులోనే దారి చూపింది. ఝార్ఖండ్ ఆ దారిని ఒక వింత లెక్కతో మూసింది. 2006 నాటికి పదేళ్లు పూర్తై ఉండాలని పట్టుబట్టింది. రాష్ట్రమే 2000 నవంబరు 15న పుట్టింది. ఆరేళ్ల వయసు నిండని రాష్ట్రంలో పదేళ్ల సర్వీసు ఎవరికి ఉంటుంది? 2018లో నరేంద్ర కుమార్ తివారీ కేసులో సుప్రీంకోర్టు సరిగ్గా ఈ అసంబద్ధతనే ఎత్తిచూపి, రాష్ట్రం తన క్రమబద్ధీకరణ నియమాలను తెచ్చిన 2015 నాటికి పదేళ్లు నిండినవారిని పరిగణించాలని చెప్పింది. అంతకు ముందే, 2016లో జగ్‌జీత్ సింగ్ కేసులో సమాన పనికి సమాన వేతనం తాత్కాలిక ఉద్యోగులకూ వర్తిస్తుందని తీర్పు ఇచ్చింది. 2024 డిసెంబరులో జగ్గో కేసులో మరింత స్పష్టంగా మాట్లాడింది. అక్రమ నియామకాలను ఆపడానికి ఇచ్చిన ఉమాదేవి తీర్పును, ఏళ్ల తరబడి పనిచేసినవారి హక్కును కాదనడానికి ఆయుధంగా వాడుతున్నారని ప్రభుత్వ శాఖలను తప్పుపట్టింది.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెత ఇక్కడ సరిపోతుంది. తీర్పు ఇచ్చేది మంజూరైన పోస్టుకు. మిషన్ సిబ్బందికి అసలు అటువంటి పోస్టే లేదని శాఖ జవాబిస్తుంది. పోస్టు సృష్టించవలసింది ఎవరు? ఆ శాఖే. లేని పోస్టును చూపి హక్కు లేదనడం, హక్కు వస్తుందని పోస్టు సృష్టించకపోవడం, ఇవి రెండూ ఒకే దస్త్రంలోని రెండు పేజీలు.

నిధుల లెక్క ఆ దస్త్రానికి అట్ట. జాతీయ ఆరోగ్య మిషన్ ఖర్చులో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40 శాతం. సిబ్బంది రాష్ట్రం నియమించినవారని కేంద్రం అంటుంది, పథకం కేంద్రానిదని రాష్ట్రం అంటుంది. ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాజ్యాంగం ఏడో షెడ్యూలులో రాష్ట్ర జాబితాలో ఉన్నాయన్న సంగతి ఇద్దరికీ అవసరమైనప్పుడే గుర్తుకు వస్తుంది.

రాజకీయం అసలు స్వరూపం పాత పింఛను దగ్గర బయటపడుతుంది. పాత పింఛను పునరుద్ధరణ ఉద్యోగికి ఒక భరోసా, అందులో సందేహం లేదు. అది పాలకుడికి కూడా సులువైన దానం. కొత్త విధానంలో ప్రభుత్వం ప్రతి నెలా తన వాటా చెల్లించాలి. పాత విధానంలో ఇప్పుడు చెల్లించవలసింది లేదు, భారం ఇరవై, ముప్ఫై ఏళ్ల తరువాతి ప్రభుత్వం మీద పడుతుంది. చప్పట్లు ఈనాటివి, బిల్లు రేపటిది. క్రమబద్ధీకరణ ఇందుకు సరిగ్గా తలకిందులు. ఆ ఖర్చు వచ్చే నెల జీతాల పట్టికలోనే కనిపిస్తుంది. పైగా శాశ్వత ఉద్యోగులకు సంఘాలున్నాయి, సచివాలయం తలుపు తెలుసు. ఒప్పంద ఉద్యోగి గొంతెత్తితే పునరుద్ధరణ ఉత్తర్వు ఆగవచ్చు. అందుకే నిచ్చెన మీద ఉన్నవారికి మరో మెట్టు దొరుకుతుంది, కింద ఉన్నవారికి నిచ్చెన దొరకదు. ఉద్యోగుల సంక్షేమం పేరిట జరిగే చర్చ అంతా పోస్టు ఉన్నవారి చుట్టూ తిరగడానికి కారణం ఇదే.

అధికారం దూరంగా ఉండడం వల్ల ఇలా జరిగిందని జంషెడ్‌పూర్ చెప్పుకోలేదు. 2014 నుంచి 2019 దాకా ముఖ్యమంత్రిగా ఉన్న భాజపా నేత రఘువర్ దాస్ జంషెడ్‌పూర్ తూర్పు ఎమ్మెల్యే. 2020 నుంచి 2024 దాకా ఆరోగ్య మంత్రిగా ఉన్న కాంగ్రెస్ నేత బన్నా గుప్తా అప్పటి జంషెడ్‌పూర్ పశ్చిమ ఎమ్మెల్యే. దశాబ్దంలో అధిక భాగం ముఖ్యమంత్రి కుర్చీయో ఆరోగ్య శాఖ కుర్చీయో ఆ ఊరిదే. 2019లో ఒకరిని, 2024లో మరొకరిని ఓడించిన అభ్యర్థి సరయూ రాయ్ ఒక్కరే కావడం ఎన్నికల విశేషం. కుర్చీలు మారాయి, పార్టీలు మారాయి, ఒప్పంద పత్రం మాత్రం మారలేదు. ఇది ఒక పార్టీ తప్పు కాదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

ఇతర రాష్ట్రాలు ఏమి చేశాయన్నదీ చూడాలి. జంషెడ్‌పూర్‌కు కొద్ది దూరంలోనే సరిహద్దు ఉన్న ఒడిశాలో 2022 అక్టోబరులో నవీన్ పట్నాయక్ ఒప్పంద నియామకాల పద్ధతినే రద్దు చేస్తున్నట్లు ప్రకటించారు. దానివల్ల 57,000 మందికి మేలు కలుగుతుందని చెప్పారు. తెలంగాణలో 2023 ఏప్రిల్ 30న 5,544 మంది ఒప్పంద ఉద్యోగుల సేవలను క్రమబద్ధీకరించారు. ఆంధ్రప్రదేశ్ అదే ఏడాది చట్టం చేసింది. ఈ మూడింటా మిగిలిపోయినవారున్నారు, వివాదాలున్నాయి. పైగా మూడు చోట్లా మరుసటి ఎన్నికలు దగ్గరపడ్డాకే ఆ కరుణ పుట్టింది. అయినా సంకల్పం ఉంటే దారి ఉంటుందని అవి చూపాయి.

క్రమబద్ధీకరణను వ్యతిరేకించేవారి వాదనలో బలం లేకపోలేదు. ప్రభుత్వ ఉద్యోగం బహిరంగ పోటీలో, రిజర్వేషన్ల ప్రకారం దక్కాలి. ఆదివాసీలు గణనీయంగా ఉన్న రాష్ట్రంలో ఆ నియమాన్ని తేలికగా తీసుకోవడం మరో అన్యాయానికి తలుపు తీయడమే. ఉద్యోగం కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న నిరుద్యోగికీ హక్కు ఉంది. కాని ఈ వాదన నియామకాలు క్రమం తప్పకుండా జరిపే ప్రభుత్వం నోట శోభిస్తుంది. ఖాళీలను ఏళ్ల తరబడి ఉంచి, ఆ ఖాళీల్లో ఒప్పందంపై పని చేయించుకొని, చివరకు పోటీ పరీక్ష పవిత్రత గురించి చెప్పడం నీతి అనిపించుకోదు. నియామకాల్లో ఒప్పంద సర్వీసుకు మార్కులు ఇవ్వవచ్చు, వయసు సడలించవచ్చు, రిజర్వేషన్ నియమాలను యథాతథంగా పాటించవచ్చు. సహియాలకు ఏఎన్‌ఎం శిక్షణలో, ఏఎన్‌ఎంలకు నర్సింగ్ డిప్లొమాలో స్థానాలు కేటాయించవచ్చు. అన్నిటికంటే ముందు, ఆరోగ్య బీమా, ప్రసూతి సెలవు, భవిష్య నిధి, గ్రాట్యుటీ పోస్టుకు కాక పనికి ముడిపడేలా చేయవచ్చు. ఇందుకు రాజ్యాంగ ధర్మాసనం అనుమతి అక్కరలేదు. ఆర్థిక శాఖ సంతకం చాలు.

ఇది ఉద్యోగుల గొడవ మాత్రమే అనుకుంటే పొరపాటు. నవజాత శిశువుల విభాగంలో నర్సు చేయి తిరగడానికి ఏళ్లు పడుతుంది. రేపు ఏమిటో తెలియని నర్సు ప్రైవేటు ఆసుపత్రిలోనో మరో రాష్ట్రంలోనో స్థిరమైన కొలువు కనిపించగానే వెళ్లిపోతుంది. ఆమెతో పాటు ప్రభుత్వ ఖర్చుతో నేర్చిన నైపుణ్యమూ వెళ్లిపోతుంది. ఆమె స్థానంలో వచ్చే కొత్త నర్సు మొదటి నుంచి నేర్చుకుంటుంది. ఆ నేర్చుకునే కాలపు మూల్యం ఇంక్యుబేటర్‌లోని పసికందు చెల్లిస్తుంది. ఆ పసికందు తల్లికి ప్రభుత్వ ఆసుపత్రి తప్ప మరో ఆసుపత్రి తెలియదు, తెలిసినా స్తోమత లేదు. పదోన్నతి, పింఛను అనే పొడి మాటలు చివరకు చేరేది ఆ మంచం దగ్గరికే.

జంషెడ్‌పూర్ చరిత్ర మరొక సంగతి కూడా చెబుతుంది. అక్కడి తొలి ప్రయోజనాలను యజమాని ఔదార్యంగానే చెప్పుకోవడం పరిపాటి. 1920లో, 1922లో, 1928లో జరిగిన సమ్మెలు ఆ చెప్పుకోలులో కనపడవు. 1920 సమ్మెలోంచే అక్కడ కార్మిక సంఘం పుట్టింది. 1928లో ఆ సంఘానికి సుభాష్ చంద్రబోస్ అధ్యక్షుడయ్యారు. ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి ఆ కొలిమిలో పనిచేసిన తెలుగువారికీ ఆ చరిత్రలో వాటా ఉంది. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం వారు అక్కడ స్థిరపడ్డారనడానికి గుర్తు. గుడి కట్టుకున్నారంటే రేపు కూడా ఇక్కడే ఉంటామన్న నమ్మకం వారికి కలిగిందని అర్థం. ఆ నమ్మకాన్ని కలిగించింది జీతం ఒక్కటే కాదు, జీతం చుట్టూ పోరాడి నిలుపుకున్న భద్రత.

నూరేళ్ల కిందట ఒక ప్రైవేటు కర్మాగారం తన కూలీకి ఇవ్వగలిగిన ఆ నమ్మకాన్ని, ఎన్నికైన ప్రభుత్వం తన ఏఎన్‌ఎంకు ఇవ్వలేకపోతోంది. డబ్బు లేదన్నది దానికి పూర్తి జవాబు కాదు, పాత పింఛనుకు మాట ఇచ్చినప్పుడు ఆ ప్రశ్న అడ్డురాలేదు. ఎవరి రేపటికి పూచీ పడాలన్నది ఖజానా కంటే ముందు రాజకీయం తేల్చే విషయం. ఝార్ఖండ్‌లో అది ఇప్పటిదాకా పోస్టు ఉన్నవారి వైపే తేలుతూ వచ్చింది.