అయిదేళ్ళ పిల్లకి బండా?

నడక వచ్చిన పిల్లను బండిలో కూచోబెట్టి తోసుకుపోవడమేమిటని మీకు అనిపించవచ్చు. మన ఇళ్ళలో పిల్లకి మూడేళ్ళు నిండాయంటే ఆ బండి అటకెక్కుతుంది. ఇంటి దగ్గర అది సబబే. బడికీ, బజారుకీ, గుడికీ పిల్లలు నడిచి వెళ్ళడమే మంచిది. కాని సెలవుల్లో పెద్ద ఊరు చూడబోయినప్పుడు లెక్క వేరు. ఆ సంగతే ఈ వారం మీతో చెప్పదలుచుకున్నాను.

మా అమ్మాయి వాళ్ళుండేది అమెరికాలో. ఆ మధ్య జూలైలో అందరం కలిసి వాషింగ్టన్ నగరం చూడబోయాం. మనవరాలికి అయిదేళ్ళు, బరువు 18 కిలోలు. అక్కడ కాపిటల్ భవనం నుంచి లింకన్ స్మారక మందిరం దాకా పొడుగాటి పచ్చిక మైదానం ఉంది. నేషనల్ మాల్ అంటారు. ఆ చివర నుంచి ఈ చివరకు సుమారు 3 కిలోమీటర్లు. వెళ్ళి రావడానికే ఆరు! మ్యూజియముల లోపల తిరిగేది దీనికి అదనం. ఎండ 32 డిగ్రీలు, ఉక్క మన కోస్తా ఉక్కే. పైగా మనం రెండడుగులు వేసేచోట పిల్ల మూడు పైన వెయ్యాలి. మనకే కాళ్ళు పీకే దూరం ఆ పిల్లకెలా ఉంటుందో ఆలోచించండి.

అందుకే అమ్మాయి మడత పెట్టే బండి ఒకటి వెంట తెచ్చింది. రెండు రోజులు హాయిగా గడిచాయి. మూడోనాడు మన తెలుగావిడే ఒకరు ఎదురై, "అయ్యో, పాపకి కాళ్ళు బాగోలేవా?" అన్నారు. ఆవిడ మంచికే అడిగారు. కాని పిల్ల ఆ మాట పట్టుకుంది. ఇక బండెక్కనంటే ఎక్కనంది. మధ్యాహ్నానికి మొహం కందిపోయింది, మంచినీళ్ళు కూడా వద్దని ఏడుపు లంకించుకుంది. చివరికి తాతగారి భుజాన నిద్రపోయింది. ముందే నడుంనొప్పి మనిషేమో, ఆయన మర్నాడంతా పక్క దిగలేదు.

కాబట్టి ఎవరో ఏమో అంటారని జంకకండి. అలాగని పొద్దస్తమానం కూచోబెట్టకండి. మూడు నాలుగేళ్ళ పిల్లలు రోజుకు కనీసం 3 గంటలు ఆటపాటల్లో కదులుతూ ఉండాలనీ, ఒక్క బిగిన గంటకు మించి బండిలో కట్టి కూచోబెట్టకూడదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. అయిదేళ్ళ వాళ్ళకూ ఈ గంట లెక్క పాటిస్తే మంచిదే. మేం పెట్టుకున్న పద్ధతి ఇది: ఒక చోటు నుంచి మరో చోటికి బండి, చూడవలసిన చోట నడక. సహజచరిత్ర మ్యూజియంలో అడుగు పెట్టగానే పెద్ద ఏనుగు కనిపిస్తుంది. దాని చుట్టూ మా పిల్ల ఎన్నిసార్లు పరుగెత్తిందో! బయట కాళ్ళకు విశ్రాంతి దొరికింది గనుకనే లోపల ఆ ఉత్సాహం.

బండి కొనేముందు అది ఎంత బరువు మోస్తుందో చూడండి. కొన్ని 15 కిలోల దాకానే, కొన్ని 22 కిలోల దాకా మోస్తాయి. పెద్దపిల్లయినా బెల్టు పెట్టవలసిందే. వెనక పిడికి బరువు సంచులు తగిలించకండి, పిల్ల దిగగానే బండి వెనక్కి తిరగబడుతుంది. ఎండ తగలకుండా బండి మొత్తం గుడ్డతో కప్పేస్తారు కొందరు. గాలాడక లోపల వేడి పెరిగిపోతుంది, అది ప్రమాదం. టోపీ పెట్టి, నీడపట్టున నడవండి, అడక్కపోయినా మాటిమాటికీ నీళ్ళు తాగించండి. ఎస్కలేటరు మీదికి బండి ఎక్కించనే వద్దు, లిఫ్టు వెతుక్కోండి.

"ఇదంతా అమెరికాలో చెల్లుతుంది, హైదరాబాదులో చార్మినారు సందుల్లో బండెలా తోస్తామండీ?" అంటారా? నిజమే. గోలకొండ మెట్ల మీద అది ఉత్త బరువు. అక్కడ పిల్లకు కావలసిన విశ్రాంతిని మరో దారిన ఇవ్వండి. పొద్దుట ఒక చోటు, సాయంత్రం ఒక చోటు చాలు. మధ్యాహ్నం భోజనం చేయించి పడుకోబెట్టండి. దగ్గరి దూరమైనా ఆటో మాట్లాడుకోండి. ఒక్కరోజులో ఊరంతా చూసెయ్యాలన్న ఆత్రం పెద్దవాళ్ళది, పిల్లలది కాదు.

ఒక్క హెచ్చరిక. ఊళ్ళు తిరిగినప్పుడు అలసిపోవడం సహజం. కాని ఇంటి దగ్గర తోటిపిల్లలతో ఆడలేక చతికిలబడినా, కుంటుతున్నా, పొద్దున్న లేవగానే కీలు వాచి ఉన్నా, పాలిపోయినట్టున్నా బండితో సరిపెట్టకండి. డాక్టరుకు చూపించండి. రక్తహీనత మన పిల్లల్లో అరుదేమీ కాదు.

ఈ సెలవులకు బయలుదేరే ముందే పిల్లను దగ్గర కూచోబెట్టుకుని, ఎక్కడ నడవాలో, ఎక్కడ బండెక్కవచ్చో చెప్పండి. "ఇది చంటిపిల్లల బండి కాదమ్మా, దూరాల బండి" అనండి. ఎవరైనా పిల్ల ముందే ఎగతాళిగా మాట్లాడితే, పిల్ల తల వంచుకునేలోగా జవాబు మీరు చెప్పండి.