బయటి గాలితో పోల్చి చూస్తే

ఆక్సిజన్ సెన్సర్ బొటనవేలంత ఉంటుంది. దాని కడుపులో జిర్కోనియా పింగాణీ. ఒక పక్క ఇంజిన్ పొగ, మరో పక్క బయటి గాలి. మూడొందల డిగ్రీలకు అటూ ఇటూ వేడెక్కితే గానీ నోరు విప్పదు. విప్పితే రెండింటిలో ఉన్న ప్రాణవాయువు తేడాను ఒక వోల్టుకు లోపలే చెప్పేస్తుంది. 1976 నుంచి, వోల్వో కార్లతో మొదలై, ఇదే దాని కొలువు.

మా మేనల్లుడు తన కారుకి వెడల్పాటి సైలెన్సర్ గొట్టం వేయించాడు. ఉరిమినట్టు చప్పుడు రావాలట, వయసు అలాంటిది! డాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగింది. చార్మినార్ వెనక సందులో ఉస్తాద్ సెన్సర్ విప్పితే మొనంతా మసి. "పోయింది నిజమే సాబ్, కానీ అసలు రోగం అతుకులో ఉంది" అన్నాడు. అక్కడి సందులోంచి గాలి జొరబడితే పెట్రోలు తక్కువైందని సెన్సర్ పొరబడుతుంది, కంప్యూటర్ ఇంకాస్త పోస్తుంది. ముందు అతుకు బిగించి, ఆ తర్వాతే కొత్తది పెట్టాడు.

నా ధ్యాస మాత్రం ఆ బయటి గాలి మీదే. సెన్సర్‌కి కొలబద్ద అదే కదా. 1591 నాటి చార్మినార్ సున్నపు గచ్చు మీద ఇన్నేళ్ల వాహనాల పొగ నల్లగా పేరుకున్న చోట కూడా గాలిలో ఆక్సిజన్ 21 శాతమే. మసి, దుమ్ము దాని లెక్కలోకి రావు. అందుకే దానికి ఇక్కడి గాలి మీద ఏ ఫిర్యాదూ లేదు. ఉస్తాద్‌కి ఉంది, దగ్గుతూనే పానా అందుకున్నాడు.